మధ్య కుర్చీ

ఆ ఇంట్లో పొద్దున్నే ఆరింటికి మొదట నోరు తెరిచేది టీ కెటిల్. రెండోది తల్లి. మూడో గొంతు మాత్రం ఈమధ్య వినిపించడం మానేసింది.

"ఏమే ప్లీడరూ! లేస్తావా, మొహాన నీళ్ళు కొట్టమంటావా?"

కూతురు లేచి వచ్చి, మాట్లాడకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది. పదమూడేళ్ళ పిల్ల. ప్లీడరు అని పేరు పెట్టింది తండ్రి. ఐదేళ్ళ కిందట ముగ్గురూ ఈ దేశం వచ్చినప్పుడు, ఏడాది తిరక్కుండానే ఇక్కడి భాష ఆ పిల్ల నాలుక మీదికి ఎక్కి కూర్చుంది. పెద్దవాళ్ళకి అంటలేదు. తండ్రి గోడలకి రంగులు వేసేవాడు. తల్లి ఆస్పత్రుల దుప్పట్లూ హోటళ్ళ దుప్పట్లూ ఉతికే లాండ్రీలో పనిచేస్తుంది. అక్కడ యంత్రాల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, పనంతా చేతి సైగలతోనే జరుగుతుంది. ఐదేళ్ళలో ఆవిడకి వచ్చినవి తడి, వేడి, ఆగు, ఇంకా అనే నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలతో లాండ్రీ నడుస్తుంది గానీ సంసారం నడవదు కదా. అందుకని ఇల్లు అద్దెకిచ్చిన ఆఫీసుకి వెళ్ళినా, బడికి వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా పిల్లని వెంటబెట్టుకుపోయేవారు. అటు ఆఫీసరు, ఇటు అమ్మానాన్నలు, మధ్య కుర్చీలో కాళ్ళు నేలకి ఆనని ప్లీడరు.

"మా ప్లీడరుండగా మనకేం లోటే!" అని తండ్రి మురిసిపోయేవాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. పేరైతే మిగిలింది గానీ, ఆ గలగల ఆయనతోనే వెళ్ళిపోయింది.

"రొట్టె తిను. ఎందుకలా దాన్ని చూస్తావు?" అంది తల్లి.

కూతురు చూస్తున్నది రొట్టెని కాదు. దాని పక్కనున్న ఆస్పత్రి ఉత్తరాన్ని. అది మూడోది. ఆరు నెలల కిందట లాండ్రీ ముందు పరీక్షల బండి ఆగితే, ఆడవాళ్ళందరితో పాటు తల్లి కూడా ఎక్కి దిగింది. ఎడమ రొమ్ములో గడ్డ కనిపించిందనీ, వచ్చి చూపించుకోమనీ మొదటి ఉత్తరం. ఆలస్యం చెయ్యొద్దని రెండోది. ఈ మూడోదాంట్లో 'వెంటనే' అన్న మాట కింద గీత కూడా గీశారు. మూడింటినీ కూతురు ఒక్క ముక్క వదలకుండా చదివి చెప్పింది.

"వెళ్దామమ్మా."

"ఎక్కడికి? మీ నాన్నని పొట్టన పెట్టుకున్నవాళ్ళ దగ్గరికా?" తల్లి ఒంటికాలి మీద లేచింది. "పదిహేను రోజుల్లో ఇంటికి పంపించేస్తాం అన్నారు. నువ్వే కదా చెప్పావు నాకు, ఆ డాక్టరు అన్నమాట! నమ్మి నేను పనికెళ్ళిపోయాను. ఏం పంపించారు? పెట్టెలో పెట్టి పంపించారు. వాళ్ళ నోట్లోంచి వచ్చే మాట నేను నమ్మను. గడ్డో, గాడిద గుడ్డో, ఉంటే ఉండనీ."

కూతురి చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. తల్లి ఆ ఉత్తరాన్ని మడిచి, మిగతా రెండింటితో పాటు పంచదార డబ్బా కింద పెట్టేసింది.

ఆవిడ కోపానికి కారణం లేకపోలేదు. మొగుడి గురించి డాక్టరు ఆ మాట చెప్పిన పదకొండో రోజు మధ్యాహ్నం, ఆవిడ ఇస్త్రీ రోలరు దగ్గర దుప్పటి కొస పట్టుకుని నిలబడి ఉండగా సూపర్‌వైజరు వచ్చి భుజం తట్టాడు. పరుగెత్తుకు వెళ్ళేసరికి మొహం మీద దుప్పటి కప్పేసి ఉంది. అంచున కుట్టిన నీలం దారం చూసి, అది తమ లాండ్రీలో మడతపెట్టిందేనని గుర్తుపట్టింది. తన చేతులతో మడిచిందే కావచ్చు. ఆయన కళ్ళు తెరిచి ఉండగా చివరిసారి పక్కన లేకపోయానన్న బాధ రెండేళ్ళుగా ఆవిడ గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆ రోజు ప్లీడరు కళ్ళలోంచి ఒక్క చుక్క రాలలేదు. సంతకాల కాగితాలు చదివి, ఇక్కడ పెట్టమ్మా, ఇక్కడ పెట్టు, అని వేలితో చూపిస్తూ నిలబడింది. ఈ పిల్లది రాతి గుండె కాబోలని తల్లి అప్పట్లో మనసులో అనుకుంది కూడా.

ఫోను మోగింది. అలవాటు ప్రకారం తల్లి దాన్ని కూతురి చేతికిచ్చింది. కూతురు నంబరు చూసి, "రాంగ్ నంబరు" అని కట్ చేసింది. మళ్ళీ మోగింది. పిల్ల మొహంలో రంగు పోవడం చూసి, ఈసారి తల్లే లాక్కుని చెవికి ఆనించుకుంది.

"నమస్కారమమ్మా. నేను చెప్పుల షాపు మేడ మీదున్న సంఘం నుంచి మాట్లాడుతున్నాను. వలస వచ్చిన కుటుంబాలకి మాటసాయం, మనిషిసాయం చేస్తూ ఉంటాం."

ఈ దేశంలో ఒక ఆఫీసు నుంచి తెలుగు వినడం ఆవిడకి అదే మొదలు. కాళ్ళు వాటంతట అవే నిలబడిపోయాయి.

"మీ అమ్మాయి బడివాళ్ళు మాకు కబురు పెట్టారు. మూడుసార్లు పిలిస్తే మీరు రాలేదట."

"నన్నెవరూ పిలవలేదే! మా అమ్మాయి బాగా చదువుతోందని..."

"తరగతిలో ఆ పిల్ల నోరు తెరిచి నాలుగు నెలలైందటమ్మా."

తల్లి కూతురి వైపు చూసింది. కూతురు నేల వైపు చూసింది.

"ఇవాళ పదింటికి రాగలరా? ఇద్దరూ కలిసే రావాలి. ఒక్కరొస్తే కుదరదు, అది మా పద్ధతి."

దారి పొడవునా తల్లి తిట్టింది. నీ కోసం చేతులు కాల్చుకుంటున్నాను, నాకే అబద్ధాలు చెబుతావా, మీ నాన్న ఉండుంటే ఈ ఆటలు సాగేవా, అంటూ బస్సులో పక్కవాళ్ళు తిరిగి చూస్తున్నా ఆపలేదు. ఎవరికీ అర్థం కాని భాషలో తిట్టడంలో ఉన్న సుఖం అదొక్కటే. ప్లీడరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

కింద చెప్పులు కుట్టే షాపు. మెట్ల మీద దాకా జిగురు వాసన. పైన రెండు గదులు, ఒక మూల బొమ్మల పెట్టె, గోడ పక్కన కుర్చీలు. కళ్ళద్దాల అమ్మాయి ఒకామె ఎదురొచ్చి ఇక్కడి భాషలో పలకరించింది. సంఘాన్ని నడిపేది ఆమే. పక్కన అరవయ్యేళ్ళ మనిషి నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళు ఈ ఊరి బస్సుల్లో టికెట్లు కొట్టి రిటైరైందట. అందరూ కండక్టరమ్మ అంటారు. ఫోనులో విన్న గొంతు ఈవిడదే.

తల్లి అలవాటు చొప్పున ఒక కుర్చీ లాగి తన ముందు వేసి, కూతురిని అందులో కూర్చోబెట్టింది. కళ్ళద్దాల అమ్మాయి ఏదో అనగానే, "ఏమంటోందే?" అని కూతురి భుజం పొడిచింది.

"అటు కాదమ్మా, ఇటు! నన్నడగండి," అంది కండక్టరమ్మ. లేచి వచ్చి ఆ కుర్చీని పిల్లతో సహా ఎత్తినంత పని చేసి, తల్లి పక్కకి జరిపింది. "ఇక్కడ పిల్లల చేత మాట మార్పించం. మాట అటూ ఇటూ చేర్చడం నా పని. మీ అమ్మాయి మీ పక్కన కూర్చుంటుంది, అంతే."

"మా పిల్లకి బాగా వచ్చండీ. అన్నీ తనే చెబుతుంది."

"వచ్చని తెలుసు."

కళ్ళద్దాల అమ్మాయి ఒక కాగితం తీసి, ముందు పిల్ల మొహంలోకి చూసి నెమ్మదిగా ఏదో అడిగింది. పిల్ల తలూపింది.

"మీకు చూపించొచ్చా అని అడిగింది. సరేనంది," అని కండక్టరమ్మ తల్లికి చెప్పి, కాగితం అందుకుంది. "క్లాసులో ఏదైనా రాయమంటే మీ అమ్మాయి ఇది రాసిందట. 'మా అమ్మ చచ్చిపోతుంది. ఆస్పత్రికి వెళ్ళదు. అది నా వల్లే.'"

తల్లికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపమొచ్చింది.

"ఇంటి విషయాలు బడిలో రాస్తావా? నేను ఆస్పత్రికి వెళ్ళకపోతే నీ వల్లేంటే? ఆ డాక్టర్ల వల్ల! చెప్పండక్కా ఈవిడకి. మా ఆయన్ని పదిహేను రోజుల్లో ఇంటికి పంపిస్తామని నమ్మబలికారు. ఒక్క మాట, ఒక్క మాట ముందుగా చెప్పుంటే నేను ఆ మంచం దగ్గర్నుంచి కదిలేదాన్నా? నా చేతిలో పోయేవాడు. ఆ అబద్ధాలకోర్లకి మళ్ళీ నా ఒళ్ళు అప్పజెప్పనా?"

"వాళ్ళు అలా చెప్పలేదు."

గొంతు ఎవరిదో తెలియడానికి తల్లికి ఒక క్షణం పట్టింది. కూతురు లేచి నిలబడి ఉంది.

"వాళ్ళు చెప్పలేదమ్మా. నేను చెప్పాను."

"ఏం వాగుతున్నావు?"

"పదిహేను రోజుల కంటే ఎక్కువ బతకరు అన్నాడు డాక్టరు. మీ అమ్మని పనికి వెళ్ళొద్దను, పక్కనే ఉండమను అన్నాడు. నేను... పదిహేను రోజుల్లో ఇంటికి పంపిస్తారట అన్నాను." పిల్ల గొంతు వణకలేదు. బహుశా ఆ మాటలు లోపల ఎన్నోసార్లు వల్లించుకుని ఉంటుంది. "నువ్వు నా భుజాలు పట్టుకుని ఏమన్నాడే, ఏమన్నాడే అని ఊపేస్తున్నావు. నాన్న నన్నే చూస్తున్నాడు. నా నోట్లోంచి అదే వచ్చింది. అప్పుడు నాన్న నవ్వాడు. వారం నుంచి నవ్వనివాడు నవ్వాడు. ఇంక దాన్ని ఎలా మార్చి చెప్పనమ్మా? రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. పదిహేను రోజులున్నాయి కదా అనుకున్నాను. పదకొండో రోజే..."

తల్లి చెయ్యి లేచింది. కొట్టడానికే లేచింది, అబద్ధమెందుకు. సగం దూరంలో ఆగిపోయింది.

"నా మొగుడి చివరి చూపు నాకు లేకుండా చేశావు," అంది ఆవిడ. మెల్లగా అంది. ఆ మెల్లగా అనడం దెబ్బకంటే గట్టిగా తగిలింది. "రెండేళ్ళు. రెండేళ్ళు నా పక్కలో పడుకుని, నేను ఏడుస్తుంటే వింటూ ఊరుకున్నావు."

అంతే, గిరుక్కున తిరిగి మెట్లు దిగిపోయింది.

సగం మెట్లు దిగింది. అక్కడే కూలబడింది. కింద చెప్పుల షాపులో సుత్తి చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. కాసేపటికి కండక్టరమ్మ ఆయాసపడుతూ వచ్చి, ఒక మెట్టు పైన కూర్చుంది.

"నన్ను ఈ పనిలో చేర్చుకునే ముందు మూడు నెలలు నేర్పించారమ్మా," అంది. "చావు కబురు ఎలా చెప్పాలి, ఎక్కడ ఆగాలి, ఎదుటి మనిషి పడిపోతే ఏం చెయ్యాలి, అన్నీ. ముప్పై ఏళ్ళు లోకాన్ని చూసినదాన్ని, ఆర్నెల్ల మనవణ్ణి నా చేతులతో సాగనంపినదాన్ని. అయినా మొదటిసారి ఆస్పత్రిలో అలాంటి మాట చెప్పాల్సి వచ్చినప్పుడు బాత్రూంలోకి పోయి వాంతి చేసుకున్నాను. అప్పుడు మీ అమ్మాయికి ఎన్నేళ్ళు?"

పదకొండు. తల్లి నోటితో చెప్పలేకపోయింది.

చెప్పలేకపోవడానికి ఇంకో కారణముంది. డాక్టరు ఆ కబురు చెప్పిన రోజు ఉదయం నర్సు ఒక కార్డు చూపించింది. దాని మీద ఇద్దరు మనుషుల బొమ్మలు, మధ్యలో మాటల గుర్తులు. గడియారం చూపించి, రెండు వేళ్ళు ఎత్తింది. రెండింటికి మాట చేర్చే మనిషి వస్తారు, అంతదాకా ఆగమని. అది ఆవిడకి అప్పుడే అర్థమైంది. లాండ్రీలో పనిచేసే మనిషికి సైగలు అర్థం కాకపోవడమేమిటి! రెండింటిదాకా ఆగితే షిఫ్టు పోతుంది. అందుకని తల అడ్డంగా ఊపి, పిల్లని భుజాలు పట్టి ముందుకి తోసింది. గర్వంగా తోసింది. మా ప్లీడరుంది, మాకెవరూ అక్కర్లేదు అన్నట్టు.

ఆ కుర్చీలో పిల్లని కూర్చోబెట్టింది డాక్టరు కాదు. ఇంకెవరూ కాదు. మీ నాన్న చచ్చిపోతాడని మీ నాన్న ముందే మీ అమ్మకి చెప్పు, అని పదకొండేళ్ళ పిల్లకి పని పురమాయించింది తనే. ఈ ఆలోచన వచ్చాక ఆవిడ మెట్టు అంచు పట్టుకుని ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. కండక్టరమ్మ వీపు మీద చెయ్యి వేసి ఊరికే కూర్చుంది. కింద సుత్తి చప్పుడు మళ్ళీ మొదలైంది.

పైకి వెళ్ళేసరికి పిల్ల బల్ల మీద తల పెట్టుకుని ఉంది. కళ్ళద్దాల అమ్మాయి పెట్టిన మంచినీళ్ళు అలాగే ఉన్నాయి. తల్లి పక్కన కూర్చుంది. కోపం పూర్తిగా పోయిందని చెబితే అది అబద్ధమవుతుంది, ఆ ఇంట్లో అబద్ధాలు అప్పటికే చాలయ్యాయి.

"నామీద కోపం ఉందా?" అంది పిల్ల తల ఎత్తకుండానే.

"ఉంది. కొన్నాళ్ళుంటుంది. నాకు నామీద అంతకంటే ఎక్కువుంది." మంచినీళ్ళ గ్లాసు పిల్ల ముందుకి జరిపింది. "బడివాళ్ళు పిలిస్తే నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వొస్తావు. మళ్ళీ నేనే మధ్యలో కూర్చోవాలి కదా. నోరు తెరిస్తే మళ్ళీ ఏం వస్తుందో అని..."

"ఇంక కూర్చోవద్దు. విన్నావా? ఇంక ఎక్కడా కూర్చోవద్దు."

పిల్ల తలూపింది గానీ నమ్మినట్టు కనిపించలేదు. నమ్మకానికి టైము పడుతుందని తల్లికీ తెలుసు.

మర్నాడే తల్లి కండక్టరమ్మని వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళి పరీక్షలు చేయించుకుంది, ఫలితం చెప్పడానికి వచ్చే శుక్రవారం రమ్మన్నారు. ఈలోపు తల్లీకూతుళ్ళు మరో రెండుసార్లు ఆ మెట్లెక్కారు. పక్క గదిలో కళ్ళద్దాల అమ్మాయి పిల్లతో బొమ్మల పెట్టె ముందు కూర్చుంటే, ఈ గదిలో కండక్టరమ్మ తల్లికి మాటలు నేర్పింది. ఆఖరి అరగంట నలుగురూ కలిసి కూర్చునేవారు. "లాండ్రీలో పనికొచ్చే మాటలు కాదక్కా, ఆస్పత్రిలో పనికొచ్చేవి చెప్పు," అని తల్లి పట్టుబట్టింది. నాలుక తిరక్క కండక్టరమ్మని నవ్వించింది. గోడవతల్నించి పిల్ల అది విని, ఒకసారి తలుపు సందులోంచి తొంగిచూసింది.

శుక్రవారం ఆస్పత్రి గదిలో నాలుగు కుర్చీలు వేశారు. డాక్టరుకి ఎదురుగా తల్లి, ఆవిడకి ఎడమవైపు కండక్టరమ్మ, కుడివైపు కూతురు. పిల్లని బయటే ఉంచుదామా అని తల్లి అడిగితే, లోపలికే వస్తానని పిల్లే అంది. డాక్టరు ఏదో మొదలుపెడుతూ అలవాటుగా పిల్ల వైపు తిరిగాడు. తల్లి బల్ల మీద చేత్తో తట్టింది.

"నాకు," అంది ఇక్కడి భాషలో. "నాకు చెప్పండి."

ఉచ్చారణ ఘోరం. అయినా డాక్టరు ఆవిడ వైపు తిరిగాడు.

ఆయన చెప్పింది కండక్టరమ్మ చక్కెర పూయకుండా చెప్పింది. గడ్డ చంకలోకి పాకింది. వారంలో ఆపరేషను. ఆ తర్వాత ఏడాది పొడుగునా మందులు, వాటితో జుట్టు ఊడుతుంది, ఒళ్ళు నీరసిస్తుంది. తల్లి అన్నీ వింది. తర్వాత, వారం రోజులుగా వంట చేస్తూ, బస్సెక్కుతూ, దుప్పట్లు మడుస్తూ బట్టీపట్టిన రెండు మాటలు డాక్టరు మొహంలోకి చూసి అడిగింది.

"నేను బతుకుతానా?"

డాక్టరు కళ్ళు దించలేదు. కాస్త ఆలోచించి, నెమ్మదిగా, చాలాసేపు చెప్పాడు.

అప్పుడు తల్లి డాక్టరుని చూడలేదు, కండక్టరమ్మనీ చూడలేదు. కూతురి మొహం చూసింది. పిల్ల గడ్డం బిగుసుకుంది. చేతివేళ్ళు కుర్చీ అంచుని పట్టుకున్నాయి. ఆ మాటలు ఇంకా తెలుగులోకి రాలేదు. తనకింకా ఏమీ తెలియదు. పిల్లకి తెలిసిపోయింది. ప్రతిసారీ ఇంతే జరిగి ఉంటుందని అప్పుడు తట్టింది ఆవిడకి. ప్రతి ఆఫీసులో, ప్రతి గదిలో, పెద్దవాళ్ళిద్దరూ నోళ్ళు తెరుచుకుని ఎదురుచూస్తున్నంతసేపూ ఈ పిల్ల ఆ కబురుతో ఒక్కతే ఉంది.

"అమ్మా, డాక్టరుగారు ఏమంటున్నారంటే..." అని కండక్టరమ్మ మొదలుపెట్టింది.

"ఒక్క నిమిషం ఆగు అక్కా."

తల్లి తన కుర్చీని బరబరా కుడివైపుకి లాక్కుంది. కూతురి తల పట్టి తన భుజానికి అదుముకుంది, గడ్డ లేని వైపు భుజానికి.

"ఇప్పుడు చెప్పు."

"సగానికి సగం అంటున్నారమ్మా. ఆర్నెల్ల కిందటే వచ్చుంటే ఇంతకంటే బాగుండేదట. కానీ చెయ్యడానికి ఇంకా చాలా ఉందంటున్నారు."

తల్లి తలూపింది. భుజం మీద పిల్ల ఒళ్ళు ఒక్కసారిగా కదిలిపోయింది. రెండేళ్ళ కిందట సంతకాల కాగితాల ముందు రావలసిన ఏడుపు అది. వెక్కిళ్ళు పెడుతూ, ముక్కు కారుస్తూ, చిన్నపిల్లలు ఏడ్చినట్టు ఏడ్చింది. తలుపవతల నడుస్తున్న నర్సు ఆగి లోపలికి చూసింది. సారీ అమ్మా, సారీ, అని మధ్యలో చెప్పబోయింది పిల్ల.

తల్లి చేత్తో ఆ నోరు మూసి, ఆ చేత్తోనే మొహం తుడిచింది.

"ఏడవ్వే," అంది. "ఇవాళ నీకు వేరే పనేం లేదు."